ట్యూన్ అందరికీ తెలుసు, పేరు తెర మీద పడటానికి 50 ఏళ్లు పట్టింది

ముందుగా ఒక చిన్న పని చెప్తాను. ఈ వీడియో పాజ్ చేసి, డాక్టర్ హూ అనే బ్రిటిష్ సీరియల్ 1963 నాటి టైటిల్ మ్యూజిక్ ఒక్కసారి విని రండి. వీలైతే హెడ్‌ఫోన్స్‌లో.

విన్నారా? ఇప్పుడు చెప్పండి, అది ఏ వాయిద్యం? సింథసైజర్ అంటారు చాలామంది. నేనూ అదే అనుకున్నా. కానీ అప్పటికి కొందామన్నా షాపుల్లో సింథసైజర్ అనే వస్తువు లేదు. రాబర్ట్ మూగ్ తన మొదటి మోడల్ బయట చూపించింది 1964లో.

మరి ఎలా చేశారు? ఒకే ఒక్క తీగను మీటి రికార్డు చేశారు. ల్యాబుల్లో పరికరాలు టెస్ట్ చేయడానికి వాడే ఆసిలేటర్ల నుంచి కూతలాంటి స్వరాలు తీసుకున్నారు. వైట్ నాయిస్, అంటే స్టేషన్ దొరకని రేడియోలో వచ్చే హోరు, దాన్ని ఫిల్టర్ చేసి గాలి చప్పుడులా మార్చారు. అక్కణ్నుంచి అసలు పని మొదలు. టేపును వేగంగా తిప్పితే స్వరం పైకి వెళ్తుంది, నెమ్మదిగా తిప్పితే కిందికి దిగుతుంది. అలా ఒక్కో స్వరాన్ని విడిగా తయారు చేసుకుని, ఎంతసేపు మోగాలో అంత పొడవు టేపు కొలిచి, బ్లేడుతో కోసి, అతికించుకుంటూ పోయారు. టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో నడుస్తోందనుకోండి, అర సెకను స్వరానికి ఏడున్నర అంగుళాల ముక్క కావాలి. మొత్తం ట్యూన్ అంతా ఇలాంటి ముక్కలే.

మల్టీట్రాక్ రికార్డర్ కూడా లేదు. బేస్ ఒక టేపు, మెలొడీ ఒక టేపు, హోరు ఒక టేపు. వేర్వేరు మెషిన్లలో పెట్టి, చేత్తో ఒకేసారి స్టార్ట్ చేసి కలిపారు. ఎక్కడో ఒక స్వరం తేడా కొడుతుంటే, పొడవాటి కారిడార్‌లో టేపులన్నీ నేల మీద పరిచి, అతుకులు పక్కపక్కన పెట్టి చూసి, వరసలో లేని అతుకును పట్టుకున్నారు. ఇంతకన్నా మంచి డిబగ్గింగ్ కథ నా సాఫ్ట్‌వేర్ రోజుల్లో నేనైతే వినలేదు.

ఈ పని చేసింది డెలియా డార్బీషైర్. పక్కన డిక్ మిల్స్ అనే అసిస్టెంట్ ఉన్నాడు. అప్పటికి ఆమె వయసు 26.

డెలియా పుట్టింది 1937లో, కొవెంట్రీలో. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ బాంబులకు దారుణంగా దెబ్బతిన్న ఊరు అది. తన చెవిలో పడ్డ మొదటి ఎలక్ట్రానిక్ శబ్దాలు ఎయిర్ రెయిడ్ సైరన్లేనని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. కేంబ్రిడ్జ్‌లోని గిర్టన్ కాలేజీలో మ్యాథ్స్, మ్యూజిక్ చదివింది. 1959లో డెక్కా రికార్డ్ కంపెనీలో ఉద్యోగానికి వెళ్తే, రికార్డింగ్ స్టూడియోల్లో మేం ఆడవాళ్లని తీసుకోం అని చెప్పి పంపేశారు. మార్కులు తక్కువనో అనుభవం లేదనో సాకు చెప్పలేదు చూడండి. మొహం మీదే చెప్పారు.

1960లో బీబీసీలో చేరి, 1962లో అక్కడి రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌కి వెళ్లింది. లండన్ మేడా వేల్‌లో, నాటకాలకీ కార్యక్రమాలకీ వింత శబ్దాలు తయారు చేసే డిపార్ట్‌మెంట్ అది. డాక్టర్ హూ ట్యూన్ రాసింది రాన్ గ్రెయినర్ అనే ఆస్ట్రేలియన్ కంపోజర్. రాసిందంటే, ఒక్క కాగితం. అందులో మేఘాలు, గాలి బుడగలు లాంటి మాటలు. ఆ కాగితం పట్టుకుని డెలియా చేసింది విన్నాక, ఇది నేను రాసిందేనా అని అతను ఆశ్చర్యపోయాడని, చాలావరకు మీరే అని ఆమె జవాబిచ్చిందని చెప్తారు. అతను పెద్దమనిషే. కో-కంపోజర్‌గా ఆమె పేరు కూడా వేయమని అడిగాడు. బీబీసీ కుదరదంది. మీరు జీతం తీసుకునే స్టాఫ్, స్టాఫ్‌కి పేరు ఉండదు, వర్క్‌షాప్ పేరే పడుతుంది. ఇదీ రూలు. 1963 నవంబరు 23న మొదటి ఎపిసోడ్ వచ్చింది. డెలియా పేరు లేదు. రాయల్టీ కూడా లేదు.

ఇక్కడ నా సొంత గోల ఒకటి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు మూడు నెలలు కూర్చుని రాసిన మాడ్యూల్‌ని క్లయింట్ డెమోలో చూపించారు. స్లైడ్ మీద టీమ్ పేరు ఉంది, మేనేజర్ పేరు ఉంది. అంతే. తర్వాత అదే కోడ్‌లో బగ్ వస్తే మాత్రం గిట్ బ్లేమ్‌లో నా పేరు ఠక్కున కనపడింది! మెచ్చుకోడానికి టీమ్, తిట్టడానికి మనం. డెలియా కథ నాకు గుచ్చుకుంది అందుకే.

కానీ న్యాయంగా మాట్లాడాలి. ఆ రూలు ఆడవాళ్ల కోసమే పెట్టింది కాదు. డిక్ మిల్స్ పేరూ పడలేదు. వర్క్‌షాప్‌లో మగవాళ్లకీ అదే పద్ధతి. తేడా ఎక్కడంటే, వాళ్లకి బయట ఇంకో స్టూడియో తలుపు తెరిచి ఉంది. డెలియాకి ఆ తలుపు 1959లోనే మూసేశారు. రూలు అందరికీ ఒకటే అయినా దాని బరువు అందరి మీదా ఒకేలా పడదు.

అందుకని ఆమె దొడ్డిదారి వెతుక్కుంది. పగలు బీబీసీ, మిగతా టైమ్‌లో బయట పని. 1969లో వైట్ నాయిస్ పేరుతో డేవిడ్ వోర్‌హాస్, బ్రయన్ హాడ్జ్‌సన్‌తో కలిసి ఒక ఆల్బమ్ చేసింది. మ్యూజిక్ లైబ్రరీలకి పని చేసినప్పుడు సొంత పేరు పెట్టుకునే వీలు లేక, లీ డి లా రూస్ అనే మారుపేరు పెట్టుకుంది. చూశారా, ఆఫీసులో చేసినదానికి పేరు లేదు, బయట చేసినదానికి వేరే పేరు. 1973లో బీబీసీ వదిలేసింది. ఆ తర్వాత కొన్నాళ్లు కంబ్రియాలో గ్యాస్ పైప్‌లైన్ వేసేవాళ్ల దగ్గర రేడియో ఆపరేటర్‌గా పని చేసింది.

వదిలేసి సొంతంగా చేసుకోవచ్చుగా అంటారేమో. అలా చేసిన ఆమె కూడా ఉంది. డాఫ్నీ ఓరమ్. 1958లో ఆ వర్క్‌షాప్ పెట్టించడానికి బీబీసీతో ఏళ్ల తరబడి పోరాడింది ఆమే. పెట్టాక ఏడాది తిరక్కుండానే, తను అనుకున్న సంగీతం ఇక్కడ కుదరదని అర్థమై, 1959లో రాజీనామా చేసింది. కెంట్‌లో టవర్ ఫాలీ అనే ఇంట్లో సొంత స్టూడియో పెట్టుకుని ఒరామిక్స్ అనే మెషిన్ కట్టింది. పది 35 ఎం.ఎం. ఫిల్మ్ స్ట్రిప్పులు పక్కపక్కన కదులుతుంటాయి. వాటి మీద నల్లగా గీతలు గీస్తే, వెలుగు ఎంత ఆగిందో ఫోటోసెల్స్ చదువుతాయి. ఆ గీతే స్వరం, ఆ గీతే వాల్యూమ్. ఎఫ్ఎల్ స్టూడియోలో మౌస్‌తో ఆటోమేషన్ గీతలు లాగుతుంటాం కదా, ఆ ఆలోచన ఆమె అరవైల్లోనే ఫిల్మ్ మీద చేసి చూపించింది.

డబ్బులు? గుల్బెన్కియన్ ఫౌండేషన్ గ్రాంట్లు కొంత. మిగతాది యాడ్స్. లెగో, నెస్టీ లాంటివి. ది ఇన్నోసెంట్స్ అనే 1961 సినిమాలో వెన్నులో చలి పుట్టించే ఆ శబ్దాలు ఆమెవే. టైటిల్స్‌లో పేరు లేదు! అంటే ఉద్యోగంలో ఉన్నా అదే, స్వతంత్రంగా ఉన్నా అదే. 1949లో రాసిన స్టిల్ పాయింట్ అనే రచన, రెండు ఆర్కెస్ట్రాలు ప్లస్ టర్న్‌టేబుల్స్ కోసం, బీబీసీకి ఇస్తే వద్దన్నారు. 2018లో అదే బీబీసీ ప్రామ్స్‌లో, ఆల్బర్ట్ హాల్‌లో వాయించారు. ఆమె చనిపోయింది 2003లో.

డెలియా 2001లో పోయింది. ఆమె ఇంటి అటక మీద సీరియల్ డబ్బాల్లో, అంటే కార్న్‌ఫ్లేక్స్ లాంటివి వచ్చే అట్టపెట్టెల్లో, 267 టేపులు దొరికాయి. చాలావాటి మీద సరైన లేబుళ్లు లేవు. ఇప్పుడు మాంచెస్టర్‌లో భద్రంగా ఉన్నాయి.

టేపులంటే గుర్తొచ్చింది, మన దేశంలోనూ ఇలాంటి కథ ఉంది. 1969లో అహ్మదాబాద్ ఎన్ఐడీలో మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారు. దాని వెనక ఉన్నవాళ్లలో గీతా సారాభాయ్ ఒకరు. పఖావజ్ వాయించిన తొలి మహిళల్లో ఆమె ఉంది, న్యూయార్క్‌లో జాన్ కేజ్‌కి మన సంగీతం నేర్పింది కూడా. అక్కడి టేపులు దశాబ్దాల పాటు ఆర్కైవ్‌లోనే ఉండిపోయి, 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. అది వేరే ఎపిసోడ్ చేస్తాను, ఒట్టు.

సరే, పేర్ల విషయానికి వద్దాం. 1998లో ఎలక్ట్రిక్ ఇండిగో అనే వియన్నా డీజే ఫీమేల్ ప్రెషర్ అని ఒక పేర్ల జాబితా మొదలుపెట్టింది. ఈ ఫీల్డ్‌లో ఆడవాళ్లే లేరండీ అనే మాటకి జవాబు: ఇదిగో పేర్లు, ఇదిగో ఊళ్లు, పిలవండి. 2013 నుంచి ఇంకో పని కూడా చేస్తున్నారు. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ఫెస్టివల్ పోస్టర్లు తీసుకుని, ఒక్కో పేరూ లెక్కపెట్టడం. మొదట్లో ఆడవాళ్లు 10 శాతం లోపే. 2020, 2021 నాటికి పావు వంతు దాటింది. నాకు ఈ పద్ధతి నచ్చింది. ఉపన్యాసం ఏమీ లేదు, కౌంట్ చేసి ముందు పెట్టారు. 2017 నుంచి ఓరమ్ అవార్డ్స్ కూడా ఇస్తున్నారు, శబ్దంతో కొత్త పని చేసే మహిళలకి, జెండర్ మైనారిటీ ఆర్టిస్టులకి. వాటిని మొదలుపెట్టిన వాటిలో ఒకటి, ఆమె వదిలి వెళ్లిన ఆ వర్క్‌షాప్ పేరుతోనే కొత్తగా వచ్చిన సంస్థ.

ఇక డాక్టర్ హూ. 2013 నవంబరు 23, సరిగ్గా 50 ఏళ్లకి, స్పెషల్ ఎపిసోడ్ వేశారు. దాని టైటిల్స్‌లో మొదటిసారి రాన్ గ్రెయినర్ పేరుతో పాటు డెలియా డార్బీషైర్ పేరు కూడా పడింది. ఎండ్ క్రెడిట్స్ కదా, టీవీలో చాలామంది అప్పటికే ఛానల్ మార్చేసి ఉంటారు. మీరు మాత్రం అక్కడిదాకా పోనిచ్చి చూడండి.

వచ్చే వారం లారీ స్పీగల్. బెల్ ల్యాబ్స్‌లో కంప్యూటర్‌తో సంగీతం చేసిన ప్రోగ్రామర్, ఆమె చేసిన శబ్దం 1977లో వోయేజర్ ఎక్కి అంతరిక్షంలోకి వెళ్లింది. అంతవరకు సెలవు, బై.