బంగారం తాకట్టు నుంచి బ్యాంకుల కట్టడి దాకా: వై.వి. రెడ్డి ముందుజాగ్రత్తపై ఒక పరిశీలన

పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలంలో మిరప నాట్లు దగ్గరపడితే ఇంట్లో బంగారం బ్యాంకుకు చేరుతుంది. విత్తనాలకు, పురుగుమందులకు, కూలీలకు చేతిలో డబ్బుండాలి. కాయ గుంటూరు యార్డుకు వెళ్లి కాటా పడితేగానీ ఆ నగ తిరిగి ఇంటికి రాదు. 1991లో విదేశీ చెల్లింపులకు డబ్బు కొరవడి భారతదేశమూ ఈ పనే చేసింది. మే నెలలో స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు వెళ్లింది. జులైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నులు తాకట్టు పెట్టి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర 40.5 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. అప్పట్లో కేంద్ర ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారం చూస్తున్న సంయుక్త కార్యదర్శి యాగా వేణుగోపాలరెడ్డి (వై.వి. రెడ్డి). బంగారం మోసుకెళ్తున్న వ్యాను దారిలో ఆగిపోయి అధికారులకు ముచ్చెమటలు పట్టిన సంగతి తర్వాతి కాలంలో ఆయనే చెప్పారు.

2008 ప్రపంచ సంక్షోభంలో మన బ్యాంకులు ఎందుకు కూలలేదని వెతికేవారు సాధారణంగా 2004 తర్వాతి రిజర్వు బ్యాంకు ఉత్తర్వుల దగ్గర మొదలుపెడతారు. 1991 దగ్గర మొదలుపెట్టాలన్నది ఈ వ్యాసం వాదన. అప్పు పుట్టని రోజును దగ్గరుండి చూసిన అధికారి, అప్పు ఉదారంగా పుడుతున్న రోజుల్లో ఎలా నడుచుకున్నారన్నదే ఇక్కడ అసలు విషయం.

రెడ్డి 1941 ఆగస్టు 17న కడప జిల్లా పాటూరులో పుట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎం.ఏ., ఉస్మానియాలో పీహెచ్‌డీ చేశారు. 1964లో ఐఏఎస్‌లో చేరారు. రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా, అంతర్జాతీయ ద్రవ్యనిధిలో కార్యనిర్వాహక డైరెక్టరుగా పనిచేసి, 2003 సెప్టెంబరు 6న గవర్నరు అయ్యారు.

ఆయన పదవీకాలం నడిమికి వచ్చేసరికి దేశమంతా ఊపు మీదుంది. వృద్ధి తొమ్మిది శాతం చుట్టూ ఆడుతోంది. బ్యాంకులు ఇళ్లకు, కార్లకు పిలిచి మరీ అప్పులిస్తున్నాయి. అలాంటప్పుడు రెడ్డి పగ్గాలు బిగించారు. 2004 చివర్లోనే ఇంటి రుణాల రిస్క్ వెయిట్‌ను 50 శాతం నుంచి 75 శాతానికి పెంచారు. దీని లెక్క ఇలా ఉంటుంది: రిస్క్ వెయిట్ ప్రకారం లెక్కగట్టిన మొత్తంలో బ్యాంకు కనీస మూలధనం 9 శాతం కాబట్టి, అంతకుముందు 100 రూపాయల ఇంటి రుణానికి 4 రూపాయల 50 పైసలు సొంత డబ్బు చూపిస్తే సరిపోయేది, ఆ తర్వాత 6 రూపాయల 75 పైసలు చూపించాల్సి వచ్చింది. వాణిజ్య భవనాల రుణాలపై అదే వెయిట్‌ను 2005లో 125కు, 2006లో 150కి తీసుకెళ్లారు. అప్పులను మూటగట్టి అమ్మిన రోజే లాభం రాసుకునే వీలు లేకుండా 2006 ఫిబ్రవరిలో నిబంధన పెట్టారు. అమెరికా బ్యాంకులను ముంచింది సరిగ్గా ఈ వ్యాపారమే.

ఇవి ఎవరికీ రుచించిన నిర్ణయాలు కావు. వడ్డీ రేట్ల మీద ఆర్థిక మంత్రిత్వ శాఖతో పొసగని సందర్భాలూ ఉన్నాయి. 2008 సెప్టెంబరు 5న ఆయన పదవి దిగారు. అదే నెల 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఈ పది రోజుల తేడా చూసి ఆయన్ను జోస్యం చెప్పినవాడిగా చిత్రించడం తేలిక, కానీ అది ఆయన పనిని చిన్నబుచ్చడమే అవుతుంది. ఫలానా రోజు కూలుతుందని ఆయన చెప్పలేదు. కూలితే మనం నిలబడాలని ముందే ఏర్పాటు చేశారు.

మన బ్యాంకుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వానివి కావడం, విదేశీ పెట్టుబడుల రాకపోకలపై ఆంక్షలు ఉండటం వల్లే గట్టెక్కామన్న వాదన ఉంది. అందులో నిజముంది. అయితే అవి ఆయనకు వారసత్వంగా వచ్చినవి. మంచి రోజుల్లో మూలధనం కూడబెట్టించే పద్ధతి మాత్రం ఆయన తెగువే. అదే ఆలోచన 2010లో బ్యాంకుల అంతర్జాతీయ నిబంధనలైన బాసెల్-3 ప్రమాణాల్లోకి వచ్చింది.

ఫలితం ఆయన వెళ్లాక తేలింది. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నగదు నిల్వల నిష్పత్తి అప్పటికి 9 శాతం ఉండబట్టి, తర్వాత గవర్నరైన మరో తెలుగువారు దువ్వూరి సుబ్బారావు దాన్ని కొద్ది నెలల్లో 5 శాతానికి దించి బ్యాంకుల చేతికి డబ్బు అందించగలిగారు. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పుపై వడ్డీ, అంటే 9 శాతం ఉన్న రెపో రేటు, 2009 ఏప్రిల్‌కు 4.75కు వచ్చింది.

రెడ్డి హయాంలో అందరూ తక్కువగా మాట్లాడుకునే పని ఇంకొకటుంది. కనీస నిల్వ లేకుండా పేదలకు ఖాతాలు తెరవమని 2005 నవంబరులో బ్యాంకులకు చెప్పారు. శాఖ లేని ఊళ్లకు బ్యాంకు తరఫున ప్రతినిధులను పంపడానికి 2006 జనవరిలో దారి తెరిచారు. బొల్లాపల్లి తండాల వంటి చోట్లకు ఇది ముఖ్యం. అయినా ఖాతా వచ్చినంత తేలిగ్గా అప్పు రాలేదు. 2006లో కృష్ణా జిల్లాలో, 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు గొడవకు దారితీశాయి. కౌలు రైతు కోసం 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కానీ ఆ చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. సంతకం దొరకని రైతుకు ఎరువుల కొట్టులో అరువే గతి. మిరప ధర పడిపోయిన ఏడాది ఆ అరువు మీద వడ్డీ ఎంత పెరుగుతుందో ఏ రిజర్వు బ్యాంకు నివేదికలోనూ కనిపించదు. గ్రామీణ రుణాలపై పరిశోధన చేసేవారు ముందుగా తెరిచి చూడాల్సింది ఆ కొట్టు ఖాతా పుస్తకాలనే.