శునకముల పార్వో వైరసు: జన్యులిపిలోని మార్పులు, వాని చరిత్ర

రాజవంశముల చరిత్రకు శాసనములు, నాణెములు, కైఫీయతులు ఆధారములు. ఒక వ్యాధి చరిత్రను వ్రాయబూనినచో ఆధారములు వేరుగా నుండును. ఏనాడో తీసి భద్రపరచిన రక్తపు సీరము, ప్రయోగశాలలలో గడ్డకట్టించి దాచిన వైరసు, ఆ వైరసునందలి జన్యులిపి, ఇవియే దాని శాసనములు. శునకములకు వచ్చు పార్వో వ్యాధి చరిత్ర ఇట్టి ఆధారములవలన చాలవరకు తెలియవచ్చినది. కుక్కలను పెంచు కుటుంబములలో పెక్కుమంది ఈ జబ్బు అనాదిగా నున్నదే యనుకొందురు. నిజమునకు దాని వయస్సు సుమారు అర్ధశతాబ్దము. ఆ స్వల్పకాలములో దాని లిపియందు జరిగిన మార్పులెట్టివి, ఆ మార్పులవలన ఇంటి కుక్కకు కలిగిన ముప్పు ఎంత, అను రెండు విషయములు ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నవి.

ఈ వైరసు గోళపు అడ్డుకొలత సుమారు 26 నానోమీటర్లు. అనగా మిల్లీమీటరులో నలుబదివేలవ వంతునకు దరిదాపు. దాని లోపల ఒంటిపేట డి.ఎన్.ఏ. కలదు. అందలి అక్షరములు సుమారు 5,200. వెలుపలి కవచము 60 మాంసకృత్తుల కూర్పు. వానిలో అధికభాగము వి.పి.2 అను మాంసకృత్తు. ఇంత కొద్ది సామగ్రితో స్వయముగా వృద్ధిచెందజాలదు గనుక, వేగముగా విభజన చెందు కణములను ఈ వైరసు ఆశ్రయించును. ప్రేగుల లోపొర, ఎముకల మూలుగ అట్టి కణములు గల తావులు. అందుచేతనే వాంతులు, నెత్తుటి విరేచనములు, తెల్లకణముల క్షీణత కలుగును. ఆరు వారములు మొదలు ఆరు నెలలవరకు వయస్సుగల పిల్లలే దీనికి ఎక్కువగా బలియగును.

దీని పూర్వచరిత్ర పిల్లులతో ప్రారంభమగును. పిల్లులలో ప్రేగులను, తెల్లకణములను నాశముచేయు వ్యాధికి వైరసు కారణమని 1928లో ఫ్రాన్సున వెర్జ్, క్రిస్టొఫొరోని అనువారు నిరూపించిరి. 1947లో కెనడాలోని ఒంటారియోలో, ఉన్నికై పెంచు మింక్ అను జంతువులలో అట్టిదే యొక వ్యాధి కనబడినది. కాని ఆనాటికి కుక్కలలో ఈ జబ్బు లేదు.

1978లో పరిస్థితి మారినది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో, ఐరోపాలో కుక్కపిల్లలు నెత్తుటి విరేచనములతో గుంపులుగా మరణింపసాగినవి. రెండేండ్లు తిరుగునంతలో వ్యాధి లోకమంతటను వ్యాపించినది. కార్నెల్ విశ్వవిద్యాలయమున మాక్స్ ఆపెల్, లీలండ్ కార్మైకేల్ ప్రభృతులు వైరసును వేరుచేసి 1979లో ప్రకటించిరి. అంతకుపూర్వమే కుక్కలలో వేరొక చిన్న పార్వో వైరసు తెలిసియుండుటచే దీనికి ‘రెండవ రకము’ అను పేరు వచ్చినది. తరువాత పరిశోధకులు వెనుకటి సీరములను వెదకి పరీక్షించిరి. గ్రీసుదేశమున 1974లో తీసిన సీరములో ఈ వైరసునకు ప్రతిరక్షకములు కనబడినవి. అదియే దీని ఉనికికి లభించిన మిక్కిలి పాత సాక్ష్యము.

రోగము క్రొత్తది గనుక ఏ తల్లికిని రక్షణశక్తి లేకుండెను. ఆ తొలి సంవత్సరములలో పాలుత్రాగు పిల్లలు గుండెకండరము చెడి హఠాత్తుగా చనిపోవుట అందుచేతనే సంభవించినది. తల్లులకు రక్షణ కలిగిన పిమ్మట ఆ గుండెజబ్బు మిక్కిలి అరుదైనది. అడవి తోడేళ్ళుకూడ ఈ వ్యాధికి తప్పించుకొనలేదు. అమెరికాలోని ఐల్ రాయల్ దీవిలో 1980లో 50 తోడేళ్ళుండగా 1982 నాటికి 14 మాత్రమే మిగిలినవి. దీనికి పార్వోయే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇది ఎచ్చటినుండి వచ్చినది? పిల్లుల టీకాలో వాడిన వైరసే మారి కుక్కలకు సోకినదను అనుమానము కొంతకాలము ప్రబలెను. జన్యులిపులను పోల్చి పరిశీలించిన జర్మనీ, అమెరికా పరిశోధకులు ఆ అనుమానమునకు ఆధారము లేదని 1998లో తేల్చిరి. పిల్లుల వైరసునకును కుక్కల వైరసునకును గల భేదము నూటికి ఒకటికంటె తక్కువ. అందును వి.పి.2లోని 93వ, 323వ స్థానములందు జరిగిన రెండు మార్పులే కుక్క కణములలో ప్రవేశింప ముఖ్యముగా తోడ్పడినవి. 93లో లైసినునకు బదులు ఆస్పరాజిను, 323లో ఆస్పార్టిక్ ఆమ్లమునకు బదులు ఆస్పరాజిను వచ్చినవి. కణముమీద ఇనుమును గ్రహించుటకు ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకమను ద్వారమొకటి కలదు. కవచములోని ఈ మార్పులవలన కుక్క ద్వారము ఆ వైరసునకు తెరువబడినది.

మార్పు అంతటితో ఆగలేదు. కార్నెల్‌లో కొలిన్ పారిష్ ప్రభృతులు 1985లో ప్రకటించిన పరిశోధనవలన ఒక వింత వెల్లడియైనది. 1979కిని 1981కిని నడుమ మొదటి వైరసు తొలగి, దాని స్థానమును 2ఎ అను క్రొత్త రకము ఆక్రమించినది. వి.పి.2లో 87, 101, 300, 305 స్థానములందలి మార్పులు దీని గుర్తులు. మొదటి రకము పిల్లులలో వృద్ధిచెందలేకపోయినది. 2ఎ ఆ శక్తిని తిరిగి సంపాదించినది. 1984లో 2బి గుర్తింపబడినది. 2000లో ఇటలీలో 2సి కనబడినది. తరువాత జర్మనీలో 1996 నాటి నమూనాలందుకూడ అది కలదని తేలినది. ప్రతి స్థానమున సంవత్సరమునకు సుమారు పదివేలలో ఒకటి రెండు వంతుల చొప్పున మార్పులు నిలుచుచున్నవని లెక్క. డి.ఎన్.ఏ. గల వైరసునకు ఇది మిక్కిలి వేగము.

ఎ, బి, సి అను ఈ పేర్లను వంశనామములుగా భావించుట పొరపాటు. ఆ భేదము 426వ స్థానమునందలి ఒక్క అమైనో ఆమ్లముపై ఆధారపడినది. 2ఎలో ఆస్పరాజిను, 2బిలో ఆస్పార్టిక్ ఆమ్లము, 2సిలో గ్లుటామిక్ ఆమ్లము. ఒక్కొక్క మార్పునకు జన్యులిపిలో ఒక్క అక్షరము మారిన చాలును. తాళపత్ర ప్రతులను పరిష్కరించువారికి తెలిసిన విషయమొకటి కలదు: ఒకే అక్షరదోషము రెండు ప్రతులలో నున్నంతమాత్రమున అవి ఒకే మాతృకనుండి పుట్టినవని చెప్పరాదు. ఇద్దరు లేఖకులు వేర్వేరుగా అదే తప్పు చేయవచ్చును. పార్వో వైరసునందును 426వ స్థానపు మార్పు వేర్వేరు శాఖలలో వేర్వేరుగా కలిగినట్లు కనబడుచున్నది. కావున వంశవృక్షమును నిర్ణయించుటకు లిపినంతటిని చదువవలెను.

భారతదేశమున ఈ వ్యాధి తొలి నివేదిక 1981లో మద్రాసునుండి వెలువడినది. తరువాత ఉత్తర, దక్షిణ రాష్ట్రములలో జరిగిన పరిశోధనలలో 2ఎ యే చిరకాలము అధికముగా కనబడినది. 2బి, 2సి లు కూడ గుర్తింపబడినవి. ఆంధ్రదేశమునుండి వచ్చి తమిళనాట తరతరములుగా స్థిరపడిన రాజుల పేరు రాజపాళయము పట్టణముతో పెనవేసికొనియున్నది. ఆ పట్టణపు తెల్లని వేటకుక్కయు, కర్ణాటకములోని ముధోళ కుక్కయు 2005లో తపాలా బిళ్ళలపై ముద్రింపబడి దేశమంతటను ప్రసిద్ధికెక్కినవి. ఇట్టి దేశవాళీ జాతులలో మేలైన కుక్కల సంఖ్య స్వల్పము. ఒక ఈతలోని పిల్లలన్నియు పోయినచో ఆ ఇంటికే కాదు, ఆ జాతి నెత్తుటి వైవిధ్యమునకును నష్టము.

టీకా వేయించినను పిల్ల చనిపోయినదని వినబడునప్పుడు, వైరసు మారినది గనుక టీకా పనిచేయలేదని తలచుట సహజము. ఆధారములు ఈ అభిప్రాయమును బలపరచవు. మొదటి రకము వైరసుతో చేసిన టీకా సయితము 2సి నుండి రక్షింపగలదని ప్రయోగములలో రుజువైనది. వైఫల్యమునకు ముఖ్యకారణము తల్లి జున్నుపాలవలన పిల్లకు లభించు ప్రతిరక్షకములు. అవి క్రమముగా క్షీణించుచు ఒక దశలో రోగమును ఆపజాలవు. కాని టీకాను మాత్రము పనిచేయనీయవు. ఆ దశ ఏ పిల్లకు ఎన్నడు ముగియునో చూచి చెప్పలేము. అందుచే 6 లేక 8 వారముల వయస్సున ప్రారంభించి 2 మొదలు 4 వారముల కొకసారి టీకా వేయుచు, చివరిది 16 వారములు నిండిన తరువాత వేయవలెనని నిపుణుల విధి. రెండు సూదులతో చాలునని మానుకొన్న ఇండ్లలో వైరసునకు ద్వారము తెరచియే యుండును.

వైరసు మట్టిలో నెలలతరబడి జీవించును. సాధారణ సబ్బులకు అది లొంగదు. క్లోరినుగల బ్లీచింగు ద్రావణమునకు లొంగును. రోగియైన పిల్ల పడియున్న తావును అట్లు శుభ్రపరచక మరియొక పిల్లను తెచ్చుట ప్రమాదకరము.

ఇంత చిన్న లిపిలో అక్షరములు ఇకముందును మారుచునే యుండును. నమూనాలను సేకరించి చదువుట పరిశోధకుల విధి. 16 వారములవరకు టీకాను ఓపికతో కొనసాగించుట గృహస్థుల విధి. మొదటి విధి నెరవేరినచో రేపటి మార్పు తెలియును. రెండవది నెరవేరినచో నేటి పిల్ల బ్రదుకును.