దయ్యములపై దైవాధికారం (క్రైస్తవ విశ్వాసం)

దురాత్మలు అన్నీ దేవునికి లోబడి ఉన్నాయనీ, యేసుక్రీస్తు నామమున వాటిని వెళ్ళగొట్టవచ్చుననీ క్రైస్తవుల విశ్వాసం. ఈ అధికారం దేవునిదే గాని ప్రార్థించే వ్యక్తిది కాదని సంఘాలన్నీ బోధిస్తాయి. అయితే ఆ ప్రార్థన ఎవరు చేయాలి, ఏ విధంగా చేయాలి అనే విషయంలో వాటి మధ్య భేదాలు కలవు. సికింద్రాబాదులోని మోండా మార్కెట్ పరిసరాల వలె వేర్వేరు సంఘాల వారు కలసి నివసించే ప్రాంతాలలో ఈ భేదాలకు ప్రాముఖ్యత ఉంది.

పద వివరణ

తెలుగు బైబిలులో ఈ శక్తులను దయ్యములు, అపవిత్రాత్మలు, దురాత్మలు అని పేర్కొన్నారు. తెలుగువారి జానపద నమ్మకాలలో దయ్యం అనగా సాధారణంగా అకాలమరణం చెందినవారి ఆత్మ. క్రైస్తవ సంప్రదాయంలో దయ్యములు మృతుల ఆత్మలు కావు. దేవునిపై తిరుగుబాటు చేసి పతనమైన దూతలు. కనుక వాటి కోరిక తీర్చి శాంతింపజేయుట అనే భావన ఇందులో లేదు. దేవుని పేరిట ఆజ్ఞాపించుట మాత్రమే ఉంది.

బైబిలు ఆధారాలు

* మార్కు సువార్త 1వ అధ్యాయంలో కపెర్నహూము సమాజమందిరంలోనూ, 5వ అధ్యాయంలో గెరాసేనుల దేశంలోనూ యేసు అపవిత్రాత్మలను వెళ్ళగొట్టాడు. రెండవ ఘటనలోని అపవిత్రాత్మ తన పేరు "సేన" అని చెప్పింది.
* లూకా సువార్త 10వ అధ్యాయంలో దయ్యములు తమకు లోబడుతున్నాయని శిష్యులు సంతోషించగా, యేసు అందుకు కాక తమ పేర్లు పరలోకమందు వ్రాయబడినందుకు సంతోషించమన్నాడు.
* అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో విశ్వాసం లేకుండా యేసు పేరును మంత్రంవలె వాడిన స్కెవ కుమారులు గాయపడి పారిపోయారు.
* యోహాను సువార్తలో దయ్యములను వెళ్ళగొట్టిన ఘటన ఒక్కటీ లేదు.

సంఘాల మధ్య భేదాలు

కథోలిక సంఘం: 1983 నాటి సంఘ చట్టం 1172వ నిబంధన ప్రకారం దయ్యం పట్టినవారిపై ఈ క్రతువును బిషప్పు ప్రత్యేక అనుమతి పొందిన గురువు మాత్రమే చేయాలి. 1614 నాటి క్రతువిధానాన్ని సవరించి 1999లో విడుదల చేశారు. వ్యాధిని దయ్యంగా పొరబడరాదని అందులో హెచ్చరించారు. జ్ఞానస్నాన సమయంలో చేసే చిన్న విమోచన ప్రార్థనకు ఈ ప్రత్యేక అనుమతి అవసరం లేదు.

పెంతెకొస్తు సంఘాలు: పరిశుద్ధాత్మ పొందిన ప్రతి విశ్వాసికీ ఈ అధికారం వర్తిస్తుందని భావిస్తారు. ఉపవాస ప్రార్థన, చేతులుంచి ప్రార్థించుట వీరిలో సాధారణం.

దక్షిణ ఇండియా సంఘం: 1947లో ఏర్పడిన ఈ సంఘంలో వాక్యబోధకు, స్వస్థత ప్రార్థనకు ప్రాధాన్యత ఎక్కువ.

సికింద్రాబాదులో

1806లో పేరు పొందిన సికింద్రాబాదు బ్రిటిషు కంటోన్మెంటుగా పెరగడంతో ఇక్కడ చర్చిలు త్వరగా వెలిశాయి. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ చర్చి నిర్మాణం 1850లో పూర్తయింది. దీనికి 2008లో బసిలికా హోదా లభించింది. కూరగాయల వ్యాపారానికి పేరుపొందిన మోండా మార్కెట్ కూడా ఈ నగర కేంద్రంలోనే, రైల్వేస్టేషనుకు సమీపంలో ఉన్నది.

వైద్యం, చట్టం

మూర్ఛ, మానసిక వ్యాధుల లక్షణాలను దయ్యం పట్టడంగా భావిస్తే చికిత్స ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది. మంత్రశక్తితో మూర్ఛ, పిచ్చి నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మానసిక రోగిని గొలుసులతో బంధించరాదు. హైదరాబాదులో మానసిక చికిత్సకు ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. ప్రార్థన చికిత్సకు ప్రత్యామ్నాయం కాదని, రెండూ కలసి సాగవచ్చుననీ అనేకమంది క్రైస్తవ బోధకుల అభిప్రాయం. అధికారం దేవునిదే అయినపుడు రోగిని కొట్టుటకు, కట్టివేయుటకు మనుషులకు ఈ విశ్వాసంలో ఆధారం లేదు.

ఇవి కూడా చూడండి

* బైబిలు
* సాతాను
* సికింద్రాబాదు
* మోండా మార్కెట్