పన్ను కోసం పుట్టిన సభ

లండన్‌లో కూర్చుని ఈస్టిండియా కంపెనీని నడిపిన సర్ జోషయా చైల్డ్‌ది పక్కా వ్యాపారి బుర్ర. 1680ల్లో ఆయనకు ఎంతకీ పాలుపోని సమస్య ఒకటుండేది. చెన్నపట్నంలో గోడ కట్టాలన్నా, కాపలా సైన్యానికి జీతాలివ్వాలన్నా ఖర్చంతా కంపెనీ నెత్తినే పడేది. ఊరు పెరిగే కొద్దీ ఖర్చూ పెరుగుతోంది. పోనీ ఊరివాళ్ల దగ్గర వసూలు చేద్దామంటే వాళ్లు ససేమిరా అన్నారు. 1686లో ఇంటి పన్ను మాటెత్తేసరికి కోట బయట స్థానికులుండే నల్లపట్నంలో కులపెద్దలంతా ఏకమయ్యారు, అంగళ్లు మూతపడ్డాయి. గవర్నరు విలియం గిఫర్డ్ గద్దించి ఆ పూటకు నెగ్గుకొచ్చాడే గాని, రోజూ గద్దించి పన్ను రాబట్టడం ఎవరి తరం?

చైల్డ్‌కు తట్టిన ఉపాయం ఇది. కంపెనీ తన పెత్తనంతో ఆరు పెన్నీలు వేస్తే జనం తిరగబడతారు. అదే జనం తమలోంచి కొందరిని సభగా కూర్చోబెట్టుకుని, తమ పన్ను తామే వేసుకుంటే ఐదు షిల్లింగులైనా మారు మాట్లాడకుండా ఇస్తారు. ఐదు షిల్లింగులంటే అరవై పెన్నీలు, సరిగ్గా పది రెట్లు! ఈ పది రెట్ల లెక్కలోంచే మన దేశంలో తొలి నగర సభ, తొలి మేయరు పుట్టుకొచ్చారు.

సేవాభావంతోనో ప్రజాస్వామ్యం మీద ప్రేమతోనో పుట్టిందనుకున్న సంస్థ వెనక ఇంత నికార్సయిన వ్యాపారం ఉందని తెలిస్తే కొందరికి మనసు చివుక్కుమనవచ్చు. నాకు మాత్రం ఆ లెక్కే విలువైనదిగా కనిపిస్తుంది. చైల్డ్ చూసుకున్నది ఆదాయమే కావచ్చు. కానీ ఆ ఆదాయం రావాలంటే డబ్బు ఇచ్చేవాడికి ఆ డబ్బు గురించి మాట్లాడే హక్కు ఉండాలని ఆయన ఒప్పుకోక తప్పలేదు. ఒకసారి ఒప్పుకున్నాక ఆ మాటను పూర్తిగా చెరిపేయడం ఎవరి వల్లా కాలేదు.

చైల్డ్ ఉపాయం ఇంగ్లండ్ రాజు రెండో జేమ్స్ దాకా వెళ్లింది. సభను నెలకొల్పే చార్టర్ మీద రాజముద్ర వేయాలా, కంపెనీ ముద్ర వేయాలా అని చర్చ జరిగింది. కంపెనీ ముద్రే చాలని రాజు అభిప్రాయపడ్డాడు. అలా 1687 డిసెంబర్ 30న చార్టర్ సిద్ధమైంది. మేయరు ఒకరు, ఆల్డర్మన్లు 12 మంది, వాళ్ల కింద బర్జెస్‌లు 60 మంది. టౌన్‌హాలు, జైలు, స్థానికుల పిల్లలకు ఇంగ్లిషు, లెక్కలు నేర్పే బడి కట్టించడం సభ పని. వాటికి కావాల్సిన పన్నులు వేసే అధికారమూ దానిదే.

చైల్డ్ వ్యాపారి మాత్రమే కాదు, మనుషుల మనసెరిగినవాడు కూడా. ఒట్టి అధికారం ఇస్తే చాలదని, దానికి అందరి కళ్లూ పడే గౌరవం కూడా కావాలని గ్రహించాడు. మేయరుకూ ఆల్డర్మన్లకూ ఎర్రని సెర్జ్ గౌన్లు, బర్జెస్‌లకు తెల్లని చైనా పట్టు గౌన్లు. ముందు వెండి దండాలు పట్టుకుని నడిచేవాళ్లు. అన్నిటికన్నా పెద్దది గొడుగు గౌరవం: మేయరు, ఆల్డర్మన్లు వీధిలో నడిచేటప్పుడు వాళ్లకు గొడుగులు పట్టవచ్చని చార్టర్‌లోనే రాసిచ్చారు. మన దేశంలో గొడుగు ఎవరికి పడతారో, ఎవరికి పట్టరో తెలిసే రాసిన వాక్యం అది.

1688 సెప్టెంబర్ 29న సెయింట్ జార్జి కోటలో ప్రమాణాలు జరిగాయి. అప్పటి గవర్నరు ఎలీహు యేల్. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే ఉంది. విందయ్యాక గౌన్లు తొడుక్కుని అందరూ ఊరేగింపుగా బయల్దేరారు. తొలి మేయరు నథానియల్ హిగిన్సన్ అమెరికాలోని కనెక్టికట్‌లో పుట్టి హార్వర్డ్‌లో చదివి కంపెనీ కొలువులో చేరినవాడు. అప్పటికి నలభై ఏళ్లు కూడా లేవు. ఆ వరుసలో ఆయన వెనక ఎవరెవరు నడిచారో చూడండి. ఇంగ్లిషు ఉద్యోగులు, పోర్చుగీసు వర్తకులు, వజ్రాల వ్యాపారం చేసే యూదులు, వాళ్లతో సమానంగా ఎర్రగౌను తొడుక్కున్న మనవాళ్లు ముగ్గురు: చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న, అళంగాత పిళ్లై. నల్లపట్నపు వర్తకంలో తెలుగువాళ్ల మాట చెల్లిన రోజులవి. వాళ్లు లేకుండా సభ పెడితే పన్ను వసూలు కాదని చైల్డ్‌కు తెలుసు.

అయినా వసూలు కాలేదు. ఆల్డర్మన్లందరినీ కంపెనీయే పేర్లు రాసి నియమించింది గాని ఊరు ఎన్నుకోలేదు. తాము వేసుకున్న పన్ను అయితే ఇస్తారన్న మాట నిజమే, కానీ అది ‘తాము’ వేసుకున్నది అనిపించాలి కదా! హిగిన్సన్ ఆరు నెలలకే పదవి వదులుకున్నాడు. జాన్ లిటిల్టన్ వచ్చాడు. తర్వాత ఎందరో మేయర్లు వచ్చారు, పోయారు. రానురాను సభకు తగాదాలు తీర్చే మేయరు కోర్టు పనే ముఖ్యమైపోయింది. 1726లో రాజు చార్టర్‌తో బొంబాయికీ కలకత్తాకూ మేయరు కోర్టులు వచ్చాయి. ఆ శతాబ్దం ముగిసేనాటికి చెన్నపట్నంలో మేయరు కోర్టు స్థానంలో వేరే న్యాయస్థానం వచ్చింది, ఆ తర్వాత మేయరు అనే మనిషే కనుమరుగయ్యాడు. మళ్లీ ఆ ఊరు మేయరును చూడడానికి 1933 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కణ్నుంచి కథ బొంబాయికి మారుతుంది. ఇవాళ హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా మనం చూసే కౌన్సిల్‌కు అసలు నమూనా అక్కడే తయారైంది.

1865లో బొంబాయిలో ఆర్థర్ క్రాఫోర్డ్‌ను మున్సిపల్ కమిషనర్‌గా వేశారు. అధికారమంతా దాదాపు ఆయన ఒక్కడి చేతిలోనే ఉండేది. ఊరు శుభ్రం చేశాడు, రోడ్లు వేశాడు, ఇప్పటికీ క్రాఫోర్డ్ మార్కెట్ అని జనం పిలుచుకునే మార్కెట్ కట్టించాడు. ఖర్చుకు మాత్రం పగ్గం లేదు. 1871 నాటికి పన్ను కట్టేవాళ్లు వీధికెక్కారు, కమిషనర్ పదవే తీసేయాలన్నారు. అప్పుడు 26 ఏళ్ల బారిస్టరు ఫిరోజ్‌షా మెహతా నిండు సభలో లేచి ఎవరికీ రుచించని మాట చెప్పాడు. తప్పు కమిషనర్ ఉండడంలో లేదు, ఆయన్ని నిలదీసే ఎన్నికైన సభ లేకపోవడంలో ఉంది అన్నాడు. పని చేసే చేయి ఒక్కటే ఉండాలి, కానీ ఆ చేతికి డబ్బిచ్చేదీ లెక్క అడిగేదీ పన్నుదారులు ఎన్నుకున్న సభ కావాలి. వినడానికి వచ్చినవాళ్లు ఆ రోజు ఆయన్ని గేలి చేశారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం మాత్రం ఆయన చెప్పిన దారిలోనే నడిచింది. 64 మంది సభ్యుల్లో సగం మందిని పన్నుదారులే ఎన్నుకున్నారు. ఆయనా, కాశీనాథ్ త్రయంబక్ తెలంగ్ కలిసి తీర్చిదిద్దిన 1888 చట్టంలో అధికారం మూడు పాయలుగా ఖరారైంది: తీర్మానించే సభ, ఖర్చుల మీద కన్నేసే స్టాండింగ్ కమిటీ, అమలుచేసే కమిషనర్.

ఈ మధ్యలోనే వైస్రాయి లార్డ్ రిపన్ 1882 మే 18 నాటి తీర్మానం వచ్చింది. ఊరి వ్యవహారాలు ఊరివాళ్లే నడుపుకోవాలని, పొరపాట్లు చేసైనా నేర్చుకోవాలని ఆయన ఉద్దేశం. చెన్నైలో కార్పొరేషన్ కార్యాలయానికి రిపన్ భవనమన్న పేరు అందుకే. మన తీరంలో భీమునిపట్నం అంతకు ముందే, 1861లోనే మున్సిపాలిటీ అయింది.

సభ సమావేశం అంటే తీరా చూస్తే ఏమిటి? ఒక ఎజెండా పుస్తకం. అందులో వరుస నంబర్లతో అంశాలు. ఒక్కొక్కటీ చదువుతారు, ఎవరైనా లేచి ప్రశ్నిస్తారు, ఆమోదిస్తారు లేదా వాయిదా వేస్తారు, మినిట్స్‌లోకి ఎక్కిస్తారు. చూసేవాళ్లకు విసుగు పుట్టే తంతు. కానీ ఆ పొడి వాక్యాల్లోంచి ఏం పుట్టగలదో చెప్పడానికి మద్రాసు కౌన్సిల్ 1920 సెప్టెంబర్ 16న ఆమోదించిన ఒక అంశం చాలు. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు టిఫిన్ పెట్టాలి, ఖర్చు పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదు. అంతే. అప్పటి అధ్యక్షుడు సర్ పిట్టి త్యాగరాయ శెట్టి, తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు, ప్రభుత్వోద్యోగి కాకుండా ఆ కుర్చీలో కూర్చున్న తొలి మనిషి. ఆకలితో బడికి రాలేని పిల్లల కోసం ఒక నగర సభ వేసిన ఒక్క అణా లెక్క అది. ఈ రోజు దేశమంతటా బడుల్లో వడ్డిస్తున్న మధ్యాహ్న భోజనానికి తొలి మెట్లలో అదొకటి.

సరిగ్గా అదే రోజుల్లో తెలుగు నేల మీద మున్సిపాలిటీ అన్న మాటకు ఇంకో ముఖం కనిపించింది. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసింది. నేత పని చేసుకునే బీదవాళ్ల ఊళ్లవి. ఏటా నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలకు చేరింది. ఇదీ పది రెట్లే! చైల్డ్ లెక్క ప్రకారం అడిగి వేయించుకుంటే ఇచ్చేవారేమో, కానీ ఊళ్లు మాకొద్దు మొర్రో అంటున్నా వినలేదు. ఎన్నికైన సభ్యులు రాజీనామాలిచ్చినా ప్రభుత్వం జీతగాడైన చైర్మన్‌ను పెట్టి నడిపించింది. అప్పుడు స్థానిక స్వపరిపాలన మంత్రి పానగల్లు రాజా కూడా తెలుగువాడే. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలి మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోయారు. పొలాల్లో పాకలు వేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని, ఎండావానలకు ఓర్చి పదకొండు నెలలు కాపురం చేశారు. దుగ్గిరాల జైలు పాలయ్యాక గాని ఆ పోరు సడలలేదు. ఒక ఊరికి సభ కావాలో వద్దో, ఎంత పన్ను తాళగలదో ఊరే చెప్పాలన్న మాటను చీరాల నేతగాళ్లంత గట్టిగా దేశంలో మరెవరూ చెప్పలేదని నా నమ్మకం.

మేయరు చేయాల్సిన పని ఏమిటన్నది తేల్చి చెప్పిన ఘనత మాత్రం కలకత్తాదే. సురేంద్రనాథ్ బెనర్జీ తెచ్చిన 1923 చట్టంతో అక్కడ మేయరు పదవి వచ్చింది. 1924లో చిత్తరంజన్ దాస్ తొలి మేయరయ్యారు. కుర్చీలో కూర్చుంటూనే ఆయన చెప్పిన పనుల జాబితా ఇప్పటికీ పాతబడలేదు: ఉచిత ప్రాథమిక విద్య, బీదలకు ఉచిత వైద్యం, చవకగా మంచి తిండీ పాలూ, మంచినీళ్లు, బస్తీల్లో పారిశుద్ధ్యం, పేదలకు ఇళ్లు, రవాణా, తక్కువ ఖర్చుతో మెరుగైన పాలన. ఇవన్నీ అమలు చేయడానికి 27 ఏళ్ల సుభాష్ చంద్ర బోస్‌ను ముఖ్య కార్యనిర్వహణాధికారిగా పెట్టుకున్నారు. నెలకు మూడు వేల జీతమైతే బోస్ సగమే తీసుకున్నారు. ఆ అక్టోబర్‌లోనే బ్రిటిషువాళ్లు ఆయన్ని అరెస్టు చేశారు. దాస్ మరుసటి ఏడాది కన్నుమూశారు.

హైదరాబాద్ సంగతికొస్తే, మున్సిపాలిటీ మొదటి సాలార్ జంగ్ హయాంలో 1869లోనే ఏర్పడినా, ప్రజలు ఎన్నుకున్న సభలోంచి మేయరు రావడానికి నిజాం పాలన పోవాల్సి వచ్చింది. ఆంధ్రోద్యమం నడిపి, ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టి, ‘ఆంధ్ర పితామహుడు’ అనిపించుకున్న మాడపాటి హనుమంతరావు 1951లో నగర తొలి మేయరయ్యారు. తర్వాత వచ్చిన 1955 చట్టం బొంబాయి నమూనానే తీసుకుంది. అందుకే ఇవాళ కూడా మన మేయరు సభకు అధ్యక్షత వహిస్తారు, ఓట్లు సమానమైతే తన ఓటు వేసి తేలుస్తారు, దండలు వేయించుకుంటారు, కాలువ పొంగినప్పుడు జనం చేత తిట్లూ తింటారు. ఫైలు మీద సంతకం మాత్రం కమిషనర్‌ది. ఆ కమిషనర్‌ను వేసేదీ తీసేదీ రాష్ట్ర ప్రభుత్వం.

మెహతా కోరుకున్నది ఇది కాదు. పనిచేసే చేయి సభకు జవాబు చెప్పాలన్నది ఆయన పట్టు. జవాబుదారీ కాస్తా సచివాలయానికి మళ్లిపోయింది. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగర సభలకు 18 అంశాలు అప్పగించవచ్చంది, మూడోవంతుకు తగ్గకుండా మహిళలకు స్థానాలివ్వాలంది, ఐదేళ్లకోసారి ఎన్నిక జరగాలంది. మహిళల స్థానాల విషయంలో మన రెండు రాష్ట్రాలూ సగం దాకా వెళ్లాయి, అది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. ఎన్నికల దగ్గరికొచ్చేసరికి మాత్రం రాజ్యాంగం మాట కూడా గాలికి పోతోంది. విశాఖపట్నం 2012 నుంచి 2021 దాకా, తొమ్మిదేళ్లు, ఎన్నికైన కౌన్సిల్ లేకుండానే పన్ను కట్టింది. దేశంలో తొలి మేయరును చూసిన చెన్నైలోనూ 2016 నుంచి 2022 దాకా మేయరు కుర్చీ ఖాళీగా ఉంది.

కౌన్సిల్ లేనప్పుడు ఊరిని నడిపే ప్రత్యేకాధికారులు పని చేయరని కాదు, బాగా చేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఒక అణా అంశాన్ని ఎజెండాలో పెట్టించేది వార్డులో తిరిగే మనిషే.

కాబట్టి చదువరులకు నా మనవి ఒకటే. ఈసారి ఇంటి పన్ను కట్టినప్పుడు మీ కార్పొరేటర్‌కు ఫోన్ చేసి, వచ్చే సమావేశం ఎజెండాలో మన వార్డు అంశం ఏముందో అడగండి. పోయిన సమావేశం మినిట్స్ చూపించమనండి. మీ ఊళ్లో కౌన్సిల్ గడువు తీరిపోయి ఉంటే, ఎన్నిక ఎప్పుడో చెప్పమని ఎమ్మెల్యేను అడగండి.