చక్రం చెప్పే కబురు

ఈస్టు కోస్టు స్టేటు రైల్వే వారు 1893-96 నడుమ బెజవాడ నుండి కటకం దాకా వేసిన దారిలో మా సామర్లకోట ఒక మజిలీ. కాకినాడ రేవుకు పోయే శాఖ ఇక్కడే చీలుతుంది. ఊరి పేరులోని రేఫను మింగివేసి రైల్వేవారు ఇంగ్లీషులో 'సామల్‌కోట్' అని వ్రాసుకున్నారు. ఆ కథ మరొకప్పుడు. బండి వస్తున్నదన్న కబురు సిగ్నలుకూ గేటుకూ ఎవరు చెబుతారన్నదే ఈ టపాకు విషయం.

మొదట్లో చెప్పినవాడు మనిషే. క్యాబిన్‌లో మీట లాగితే తీగ సాగి, దూరాన ఉన్న సిగ్నలు చెయ్యి వాలేది. చెయ్యి అడ్డంగా ఉంటే ఆగుమని, వాలితే పొమ్మని అర్థం. ఇందులో ఒక ధర్మసూక్ష్మం ఉన్నది. దారిలో ఎక్కడైనా తీగ తెగిందనుకోండి, సిగ్నలుకు కట్టిన బరువు ఆ చేతిని మళ్ళీ అడ్డంగా నిలబెడుతుంది. అనగా యంత్రం చెడినప్పుడు పలికే మాట "ఆగు" అన్నదే.

మనిషి ప్రమేయం లేకుండా బండి చేతనే కబురు చెప్పించాలని అమెరికాలో విలియం రాబిన్‌సన్ అనే ఇంజనీరు తలపెట్టాడు. ఆయన ముందుగా చేసినది ఒక నమూనా రైలుమార్గం; 1870లో న్యూయార్కు ప్రదర్శనలో దానిని ఉంచాడు. బండి ఒక చోట మీటను తొక్కితే సిగ్నలు మూసుకొనేది, అవతల ఇంకొక మీటను తొక్కితే తెరుచుకొనేది. చూడముచ్చటైన ఏర్పాటే గాని లోపం లేకపోలేదు. తీగ తెగితే సిగ్నలు మూసుకొనదు. బండి రెండుగా తెగి వెనుక పెట్టెలు లోపలే నిలిచిపోయినా, ముందు సగం రెండవ మీటను తొక్కగానే "దారి ఖాళీ" అంటుంది.

1872లో ఆయన ఆలోచన తలక్రిందులైంది. పట్టాలలో కొంత భాగాన్ని విడదీసి, ఒక కొసన బ్యాటరీ, రెండవ కొసన రిలే అమర్చాడు. దారి ఖాళీగా ఉన్నంతసేపూ పట్టాల గుండా విద్యుత్తు ప్రవహిస్తూ రిలేను పట్టి ఉంచుతుంది. బండి రాగానే ఇనుపచక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపివేసి ఆ విద్యుత్తును దారిలోనే మళ్ళిస్తాయి. రిలే పడిపోయి సిగ్నలు మూసుకుంటుంది. తీగ తెగినా, పట్టా విరిగి ప్రవాహం ఆగినా, బ్యాటరీ అయిపోయినా ఫలితం అదే. ఒక్క పెట్టె మిగిలినా అది "నేనున్నాను" అని చెబుతూనే ఉంటుంది. దీనినే ట్రాక్ సర్క్యూట్ అంటారు. మా డెల్టా సీమలో వలె వానలకు కంకర నాని విద్యుత్తు ఇటు నుండి అటు కారిపోతే, బండి లేకున్నా ఎర్రదీపమే వెలుగుతుంది. ప్రయాణికులు విసుగుకొంటారు, కాని ప్రాణానికి భయం లేదు.

ఇక బొమ్మరైళ్ళ సంగతి. న్యూయార్కులో 1900లో మొదలైన లయొనెల్ కంపెనీ 1935లో ఒక గేటుమనిషి బొమ్మను విడుదల చేసింది. బండి రాగానే గుడిసె తలుపు తెరుచుకొని, ఆ బుల్లిమనిషి చేత లాంతరుతో బయటికి వస్తాడు. బండి దాటగానే లోపలికి పోతాడు. ఆ బొమ్మరైళ్ళకు మూడు పట్టాలు. నడిమి పట్టా విద్యుత్తును తెస్తుంది, ప్రక్క పట్టాలు తిరుగు దారులు. ప్రక్క పట్టాలలో ఒకదాని ముక్కను విడదీసి బొమ్మకు తీగ కలిపితే, చక్రాలు రెండవ పట్టాతో దానిని కలపగానే బొమ్మ కదులుతుంది. బండి బరువుకు నొక్కుకొనే మీటలు కూడా ఉండేవి.

రెండు చోట్లా కబురు చెప్పేది చక్రమే. అయితే బొమ్మలో చక్రం విద్యుత్తును ఇస్తుంది, నిజం రైలులో తీసివేస్తుంది. తీగ ఊడితే బొమ్మ గేటుమనిషి గుడిసెలోనే ఉండిపోతాడు, పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు, అంతే. రాబిన్‌సన్ విడిచిపెట్టిన తొలి పద్ధతి ఆటవస్తువులో హాయిగా బ్రతికింది. ఎందుకంటే అక్కడ ప్రాణాలు లేవు.

ఇప్పుడు చాలాచోట్ల ఇరుసులను లెక్కించే యంత్రాలు వచ్చాయి. లోపలికి పోయిన ఇరుసులన్నీ బయటికి వచ్చినట్లు లెక్క సరిపోతేనే దారి ఖాళీ అని ఒప్పుకొంటాయి. తెగిన బండి చిక్కును ఇవి కూడా తీర్చాయి.

ఇంత జాగ్రత్తకూ ఒక హద్దున్నది. 2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్ వద్ద, మరునాడు ఉదయం మా ఊరి మీదుగా పోవలసిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు నేరు దారికి సిగ్నలు పడింది. దారి మాత్రం ప్రక్క లైనుకు మళ్ళి ఉన్నది. ఆ లైనులో గూడ్సు నిలిచి ఉన్నది. 290 మందికి పైగా మరణించారు. లెవెల్ క్రాసింగు గేటు పనులలో సిగ్నలు తీగలను తప్పుగా కలపడం ఇందుకు కారణమని భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. తెగిన తీగ "ఆగు" అని చెప్పగలదు గాని, తప్పుగా కలిపిన తీగ అబద్ధమే నిజమన్నట్లు చెబుతుంది. నూట యాభై ఏళ్ళ క్రితం కబురు చెప్పే పని చక్రానికి అప్పగించాము. ఆ కబురు సరిగా చేరేటట్లు తీగ కలిపి, కలిపిన పిమ్మట మరొకసారి సరిచూచే పని ఇంకా మనిషిదే.

మీ మీ ఊళ్ళ గేట్ల సంగతులు తెలిసిన మిత్రులు వ్రాయగలరు.