కిరీటం గడప దాటిన ముచ్చట

నిన్న మీరు చూసొచ్చిన డనోటర్ కోటను ఫిరంగులే కూల్చాయనుకోకండర్రా. కీత్ దొరల కోట అది. 1715లో ఆ ఇంటి దొర జాకొబైట్లతో కలిసి రాజు మీద తిరగబడ్డాడు. ఓడాక ఆస్తి జప్తయింది. తర్వాత కొన్న కంపెనీ పనికొచ్చేదల్లా ఊడదీసి అమ్ముకుంది. కప్పు పోయిన ఇల్లు ఎన్నాళ్ళుంటుంది?

అసలు ముచ్చట అంతకు అరవై ఏళ్ళ ముందుది.

1651 జనవరి 1న స్కాట్లండులోని స్కోన్‌లో రెండో చార్లెస్‌కు అక్కడి రాజుల కిరీటం పెట్టారు. అతని తండ్రి తల తీయించిన క్రామ్‌వెల్ ఊరుకుంటాడా? ఇంగ్లండు రాజుల కిరీటాన్ని అప్పటికే కరిగించేశారు. ఇదీ దొరికితే అంతే సంగతులు. అందుకని కిరీటం, రాజదండం, ఖడ్గం తెచ్చి, మూడు పక్కలా సముద్రమున్న ఈ కోటలో పెట్టారు. కాపలా జార్జ్ ఓగిల్వీది. క్రామ్‌వెల్ సేన వచ్చి కోట చుట్టూ దిగింది, నెలల తరబడి కదల్లేదు.

కిన్నెఫ్ చర్చి పాదిరి గ్రెయింజర్ భార్య క్రిస్టియన్ ఫ్లెచర్ అప్పుడు ఓగిల్వీ భార్యను చూసొస్తానని లోపలికెళ్ళింది. తిరిగొచ్చేప్పుడు కిరీటం ఆమె ఒళ్ళో ఉంది, మిగతావి పనిమనిషి మోసే నారకట్టలో. శత్రు సేనానే ఆమెను గుర్రం ఎక్కించాడనీ అంటారు! గోడ మీంచి తాడుతో దించితే, సముద్రపు నాచు ఏరుకునే మనిషి బుట్టలో వేసుకుపోయిందని ఇంకో మాట. ఎలాగైనా మోసింది ఆడవాళ్ళే.

పాదిరి దంపతులు వాటిని చర్చి నేలలో పాతిపెట్టారు. చెమ్మ పట్టకుండా మూణ్ణెల్లకోసారి రాత్రిపూట తవ్వి తీసి, మంట దగ్గర ఆరబెట్టి మళ్ళీ పూడ్చేవాళ్ళట. 1652 మేలో కోట లొంగింది. వెతికితే కిరీటమేదీ? ఓగిల్వీనీ భార్యనీ చెరలో పెట్టారు, ఇద్దరూ నోరు విప్పలేదు. అప్పటి కీత్ దొర తమ్ముడు జాన్ కీత్ వాటిని సముద్రం దాటించేశాడని పుకారు మాత్రం పుట్టించారు.

దేశం విడిచి పారిపోయిన చార్లెస్ రాజు 1660లో తిరిగొచ్చాడు. ఆ కీత్ దొర తల్లి ఊరుకుందా, తన చిన్నకొడుకే కాపాడాడని ముందుగా రాజు చెవిన వేయించింది. ఆ అబ్బాయి చివరికి కింటోర్ ఎర్ల్ అయ్యాడు. ఓగిల్వీకి ఓ బిరుదు. మరి ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చిన క్రిస్టియన్‌కో? పార్లమెంటు 2000 మెర్కుల సొమ్ము ఇమ్మంది, అంతే. పుకారుకు జమీ, పనికి చిల్లర!