సాయం ఉంది... గడప తెలియాలి

కోటవురట్ల: 2024 ఆగస్టులో కోటవురట్ల మండలం కైలాసపట్నంలోని ఒక ప్రైవేటు వసతి గృహంలో కలుషితాహారం తిని పలువురు చిన్నారులు అస్వస్థతకు గురయ్యారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఎనిమిది నెలలు గడవకముందే, 2025 ఏప్రిల్ 13న, అదే కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది కార్మికులు మరణించారు. ఆపద జరిగిన తరువాత అధికారులు, నాయకులు తరలివస్తారు. పరిహారం ప్రకటిస్తారు. అయితే ఆపద రాకముందే పేద కుటుంబానికి అందవలసిన సాయం ఏమిటన్నది చాలామందికి తెలియడం లేదు. చట్టాలున్నాయి, పథకాలున్నాయి. ఏ అవసరానికి ఏ గడప తొక్కాలో, ఏ కాగితం చేత పట్టుకోవాలో తెలిస్తే సగం పని పూర్తయినట్లే.

తొలి గడప సచివాలయం

2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ ప్రారంభమైంది. పింఛను, రేషన్ కార్డు, కుల, ఆదాయ ధ్రువపత్రాల వంటి వాటికి తొలి దరఖాస్తు ఇక్కడే. దాని పైన మండల కేంద్రంలో ఎంపీడీవో, తహసీల్దారు కార్యాలయాలు ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కోటవురట్ల మండలం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. కనుక జిల్లా స్థాయి అధికారులను కలవడానికి అనకాపల్లి వెళ్లాలి.

నెలనెలా పింఛను

సామాజిక పింఛన్లకు దేశవ్యాప్త పునాది 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం. 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకు కేంద్రం వాటా నేటికీ నెలకు రూ.200 మాత్రమే. మిగిలినది రాష్ట్రమే భరిస్తోంది. రాష్ట్రంలో 2014 అక్టోబరులో రూ.వెయ్యి అయిన పింఛను 2019 జనవరిలో రూ.2 వేలకు, 2024 జనవరిలో రూ.3 వేలకు, అదే ఏడాది జులైలో రూ.4 వేలకు పెరిగింది. ‘ఎన్టీఆర్ భరోసా’ పేరిట వృద్ధులు, వితంతువులు, ఒంటరి మహిళలు, చేనేత, మత్స్యకార, కల్లుగీత కార్మికులు తదితరులకు ఈ మొత్తం అందుతోంది. దివ్యాంగులకు రూ.6 వేలు, పక్షవాతం వంటి వాటితో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి రూ.15 వేలు, కొన్ని దీర్ఘకాలిక వ్యాధిగ్రస్తులకు రూ.10 వేలు నిర్ణయించారు.

వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్లు నిండాలి. గిరిజనులకు 50 ఏళ్లు చాలు. గ్రామాల్లో కుటుంబ ఆదాయం నెలకు రూ.10 వేలు మించకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. కొత్త దరఖాస్తులను ప్రభుత్వం ఆదేశించినప్పుడే స్వీకరిస్తారు కాబట్టి పత్రాలు ముందుగా సిద్ధం చేసుకోవడం మేలు. ఆధార్‌లో వయసు తప్పుగా నమోదైతే అర్హత ఉన్నా పింఛను నిలిచిపోతుంది. ఆ సవరణ తొలి పని కావాలి.

ఇంటిపెద్ద మరణిస్తే

పింఛను పొందుతున్న భర్త మరణిస్తే భార్యకు ఆ సాయం బదిలీ చేసే ఏర్పాటు ఉంది. దీనికి భర్త మరణ ధ్రువపత్రం తప్పనిసరి. మరణాన్ని 21 రోజుల్లోగా పంచాయతీ కార్యదర్శి వద్ద నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరమవుతుంది. పుట్టెడు దుఃఖంలో ఈ నమోదు మరచిన కుటుంబాలే తరువాత కార్యాలయాల చుట్టూ తిరుగుతుంటాయి.

దారిద్య్రరేఖకు దిగువన ఉన్న కుటుంబంలో 18-59 ఏళ్ల మధ్య వయసున్న సంపాదనపరుడు మరణిస్తే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద రూ.20 వేలు ఇవ్వాలన్నది నిబంధన. బాణసంచా, క్వారీ, భవన నిర్మాణ పనులకు వెళ్లేవారు బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి రూ.20 చెల్లించి ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోవచ్చు. ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు వస్తాయి. ఖాతాలో ఆ రూ.20 నిల్వ లేక బీమా రద్దయితే కుటుంబం నష్టపోతుంది. ఏటా మే నెలాఖరుకు ఖాతా చూసుకోవాలి.

దివ్యాంగులకు సదరం

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పింఛనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్లు సదరం ధ్రువపత్రం కావాలి. స్లాటు నమోదు చేసుకుని నిర్దేశిత ప్రభుత్వాసుపత్రిలో వైద్యుల ఎదుట హాజరుకావాలి. 2025లో రాష్ట్రవ్యాప్తంగా దివ్యాంగ, ఆరోగ్య పింఛన్లను పునఃపరిశీలించారు. శాతం తగ్గిందంటూ నోటీసులు అందుకున్నవారికి అప్పీలు అవకాశం కల్పించారు. నోటీసు వస్తే పింఛను పోయిందనుకుని ఇంట్లో కూర్చోరాదు. పాత ధ్రువపత్రం, చికిత్స కాగితాలతో ఎంపీడీవో కార్యాలయానికి వెళ్లాలి.

బిడ్డ ఇంట్లోనే పెరగాలంటే

తండ్రి లేని బిడ్డను, అనాథ మనవడిని పోషించలేక ఎక్కడో చేర్చే కుటుంబాలు మన్యంలోను, మైదానంలోను ఉన్నాయి. ఇలాంటి వారి కోసమే మిషన్ వాత్సల్య పథకంలో ‘స్పాన్సర్‌షిప్’ ఉంది. వితంతువులు, భర్త వదిలేసిన మహిళల పిల్లలకు, బంధువుల వద్ద పెరిగే అనాథలకు, తల్లిదండ్రులు తీవ్రవ్యాధితో మంచం పట్టిన పిల్లలకు నెలకు రూ.4 వేలు ఇచ్చేందుకు ఇది వీలు కల్పిస్తుంది. గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం రూ.72 వేలు దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. జిల్లా కమిటీ పరిశీలించి మంజూరు చేస్తుంది. దారి తెలియకపోతే అంగన్‌వాడీ కార్యకర్తను అడగవచ్చు.

వసతి గృహంలో చేర్చక తప్పని పక్షంలో ప్రభుత్వ సాంఘిక, గిరిజన, వెనుకబడిన తరగతుల సంక్షేమ వసతి గృహాలను ముందుగా పరిశీలించాలి. తల్లిదండ్రులు లేని బాలికలకు కస్తూర్బా విద్యాలయాల్లో ప్రాధాన్యం ఉంటుంది. ప్రైవేటు ఆశ్రమమైతే నమోదు పత్రం చూపమని అడగాలి. అనాథలను, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచే ప్రతి సంస్థ 2015 నాటి బాలల న్యాయ చట్టం 41వ సెక్షను ప్రకారం నమోదై ఉండాలి. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, రూ.లక్షకు తగ్గని జరిమానా లేదా రెండూ విధించవచ్చు. వంటగది, తాగునీరు, మరుగుదొడ్లు స్వయంగా చూసిన తరువాతే బిడ్డను అప్పగించాలి. పత్రం చూపడానికి నిరాకరించే చోట బిడ్డను వదలరాదు.

పిల్లలు పట్టించుకోని పెద్దలకు

ఆస్తి రాయించుకుని అన్నం పెట్టని సంతానంపై 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రైబ్యునల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. న్యాయవాది ఉండితీరాలన్న నిబంధన లేదు. 90 రోజుల్లో విచారణ ముగించాలి. నెలకు రూ.10 వేల వరకు మనోవర్తి ఇప్పించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది. పోషించాలన్న షరతుతో రాసిచ్చిన దానపత్రాన్ని, షరతు తప్పితే రద్దు చేయించవచ్చు. దానపత్రం రాసే రోజునే ఆ షరతును అందులో చేర్పించుకోవడం పెద్దలకు రక్ష.

ఉచిత న్యాయం

మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. కోర్టుల వద్ద ఉండే న్యాయసేవా కమిటీలో తెల్లకాగితంపై అర్జీ ఇస్తే చాలు.

పని జరగకపోతే

సచివాలయంలో ఇచ్చిన ప్రతి దరఖాస్తుకు రసీదు అడిగి తీసుకోవాలి. నోటిమాటగా తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా కోరాలి. అప్పటికీ ఫలితం లేకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ రసీదును జతచేసి అర్జీ ఇవ్వాలి. రసీదు లేని అర్జీకి జవాబుదారీ ఉండదు.

ఫోను నంబర్లు

అత్యవసర సాయం: 112
అంబులెన్సు: 108
వైద్య సేవల సమాచారం: 104
ఆపదలో ఉన్న పిల్లలు: 1098
మహిళలు: 181
వృద్ధులు: 14567
ఉచిత న్యాయసాయం: 15100